తెర వెనక చూసిన దయ్యం సినిమా

తడిసిన గంజిగుడ్డ వాసన తగిలితే చాలు, ఇన్నేళ్లయినా నా ఒళ్లు జలదరిస్తుంది. మొన్న ఆదివారం మా మనవరాలు, ఆమె స్నేహితులు కలిసి అప్పుడే ఉతికి గంజి పెట్టిన తెల్ల దుప్పటిని డాబా మీద తెరగా కట్టారు. అది ఇంకా ఆరలేదు. ఆ పిల్లలది ఒక వింత బృందం. ఊరంతా చూసిన సినిమా అంటే వాళ్లకు చిన్నచూపు. ఎక్కడో మూలన పడిపోయిన దయ్యాల సినిమాలను, ఆడకుండా పోయినా కొద్దిమంది మాత్రం ప్రాణంగా చూసుకునే పిచ్చి సినిమాలను తవ్వి తీసి, ఇది చూడు, అది చూడు అని ఒకరికొకరు చెప్పుకుంటారు. కొన్నాళ్ల కిందట నన్నూ అడిగారు, ఎవరికీ తెలియని దయ్యం సినిమా ఒకటి చెప్పమని. చెప్పాను గానీ, నేను చూసింది దయ్యం సినిమానా కాదా అన్నది అప్పటికి నాకే తేలలేదు.

అవి నిజాం రాజ్యం ఆఖరి రోజులు. జడ్చర్లకు దగ్గరి పల్లెలో మా అవ్వ ఇల్లు, మందలు కాసుకుని బతికే ఇల్లు. జొన్న కోతలయిపోయి చేలలో మోళ్లు మాత్రమే మిగిలి, తాత గొర్లను వాటి మీదికి తోలే కాలంలో ఇల్లంతా పచ్చి ఉన్ని వాసన, సజ్జరొట్టెలు కాలే వాసన కలిసి ఉండేవి. పీర్ల పండుగకు పంచిన మలీద ముద్దలు తిని, బెల్లం అంటిన వేళ్లు నాకుతూనే మేం గచ్చకాయలాటకు కూర్చునేవాళ్లం, కాయలు వేళ్లకు అంటుకుని ఆట సాగేది కాదు. ఆ రోజుల్లోనే జడ్చర్ల అంగడి పక్కన ఖాళీ జాగాలో మొదటిసారి డేరా టాకీసు దిగింది.

అమ్మ చెల్లెలు యాదమ్మ చిన్నమ్మది ఎడమచేతి వాటం. వడిసెల విసిరినా, ముగ్గు వేసినా, ఉన్ని వడికినా ఆ చెయ్యే. అన్నం దగ్గర ఎడమ చెయ్యి పెడితే ఇంటికి అరిష్టమని అవ్వ ఉన్ని తాడుతో ఆ చేతిని నడుముకు కట్టి పొయ్యి దగ్గర కూర్చోబెట్టేది. చిన్నమ్మ కుడిచేత్తో వడ్డిస్తే సగం జొన్నగటక కంచంలో, సగం నేల మీద పడేది. వచ్చిన సంబంధాలన్నీ ఆ చెయ్యి చూసే వెనక్కి పోయాయి. ఈడు దాటిపోతోందని తాత అరుగు మీద నలుగురితో మాట్లాడటమే మానేశాడు. చివరికి ఆలంపూర్ దిక్కు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లను చూడటానికి పిల్లవాడి తల్లే బండి కట్టించుకుని వచ్చింది.

"చెయ్యి కొంగుల పెట్టుకోని ఉండు. బయటికి తీసినవంటే గిది గూడ పోతది" అని అవ్వ చిన్నమ్మకు చెప్పింది. చిన్నమ్మ తలూపింది. ఆ ముఖం చూస్తే నాకే ఏడుపొచ్చింది.

వచ్చినావిడ మాత్రం పిల్లను ఒక్కసారి చూసి, "వదినె, మీ జడ్చర్లల బొమ్మలు మాట్లాడుతయట గద, జర సూపియ్యరాదు" అంది. చుట్టం అడిగితే కాదనలేక పొద్దుగూకే వేళకు అందరం డేరా చేరాం. మగవాళ్లను తెర ముందు కూర్చోబెట్టారు. ఆడవాళ్లకు తెర వెనక చాపలు వేశారు. వెనక్కి కూడా బొమ్మ కనబడాలని ఒకతను బకెట్‌తో నీళ్లు తెచ్చి గంజి పెట్టిన తెరగుడ్డంతా తడిపాడు. ఆ వాసనే ఇప్పటికీ నన్ను వదలలేదు.

మాటలు హిందుస్తానీవి, మాకు అర్థం కావు. ఒక పెద్ద బంగళా, అందులో బోలెడు మంది జనం. భోజనాల దగ్గర అందరూ ఎడమచేత్తో తింటున్నారు. ఒక్క కోడలు మాత్రం కుడిచేత్తో వడ్డిస్తోంది, ఆమెను చూసి ఇంటిల్లిపాదీ గజగజ వణుకుతున్నారు. ఆమె ఉన్నట్టుండి కనబడకుండా పోయినప్పుడల్లా రీలు తెగిందనుకున్నాం. చివరికి ఎవరో మంత్రాలు చదివి ఆమెను వెళ్లగొడితే, మా చాపల మీద ఉన్న ఆడవాళ్లంతా పాపం పాపం అని ముక్కులు చీదుకున్నారు. పైటలు కూడా అటుది ఇటుగా ఉన్నాయి కానీ, పట్నపోళ్లు అట్లాగే కట్టుకుంటారేమో అనుకున్నాం.

చిన్నమ్మ నా చెవిలో, "సూడే, అందరు నా లెక్కనే తింటున్నరు" అంది. ఆ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. ఆ సంతోషంలోనే ఒళ్లు మరిచి ఒడిలోని పల్లీలు పిడికెడు తీసి పక్కనున్న చుట్టానికి అందించింది. ఎడమచేత్తోనే. ఆవిడ ఆ చేతిని చూసింది, తెరను చూసింది, మళ్లీ చేతిని చూసింది.

"పిల్లది పుర్ర చెయ్యా వదినె?"

"ఔ" అంది అవ్వ, ఇక దాచేదేమీ లేక.

"గా బంగళాల పెద్ద పెద్దోళ్లే గట్ల తింటున్నరు. మనదేముంది" అని ఆవిడ పల్లీలు నోట్లో వేసుకుంది.

బయటికొచ్చాక తాత కళ్లు పెద్దవి చేసి, "అబ్బ, గా దయ్యం వడ్డిస్తాంటే నా పానం పోయిందనుకో" అన్నాడు. దయ్యమా, ఏ దయ్యం, అని ఆడవాళ్లం ముఖాలు చూసుకున్నాం. తాత ఇంకేదో చెప్పబోయాడు. అవ్వ చటుక్కున, "ముందుగాల బండి కట్టు, చుట్టానికి ఆకలైతాంది" అని ఆ మాట అక్కడే తుంచేసింది. అవ్వకు ఏం అర్థమైందో, అసలు అర్థమైందో లేదో, ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. దయ్యం ఒక్కటా, ఇంటినిండా దయ్యాలా, ఒక్క మంచిమనిషిని దయ్యాలన్నీ కలిసి తరిమాయా అని నేను చాలా ఏళ్లు బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

ఆ సంబంధం కుదిరింది. ఆలంపూర్‌లో చిన్నమ్మ చేతికి ఎవరూ తాడు కట్టలేదు. ఆ ఎడమ చేత్తోనే ఎంతమందికో వడ్డించి, మనవళ్లకు గోరుముద్దలు తినిపించి, నిండుగా బతికి వెళ్లిపోయింది. డేరా దిగిన చోట ఇప్పుడు లారీలు ఆగుతున్నాయి, గొర్లను తోలడానికి మోళ్లూ లేవు, చేలూ లేవు. తెరను తడపాలని ఈ కాలపు పిల్లలకు చెబితే, ఎందుకని అడుగుతారు.

నేను చెప్పిన ఆనవాళ్లు పట్టుకుని మనవరాలి స్నేహితుడొకడు ఆ సినిమాను ఎక్కడి నుంచో వెతికి పట్టుకొచ్చాడు. మొన్న డాబా మీద వేసింది అదే. నా కుర్చీని తెర ముందు వేశారు. ఇటునుంచి చూస్తే బంగళాలో అందరూ కుడిచేత్తోనే తింటున్నారు. ఎడమచేత్తో వడ్డించేది ఒక్క కోడలే, ఆమే దయ్యం.

పిల్లలు అది తీసినవాళ్ల తెలివిని మెచ్చుకుంటూ, తోటి సినిమా పిచ్చోళ్లందరికీ దీని గురించి చెప్పాలని సంబరపడ్డారు. చెప్పండి అన్నాను, కుదిరితే వెనక నుంచి కూడా ఒకసారి చూడమనండి అన్నాను. వాళ్లు నవ్వి, "భయమేసిందా అమ్మమ్మా?" అని అడిగారు.

వేసిందనే చెప్పాను. ఆ రోజు ఆడవాళ్ల చాపలు తెరకు ఇటువైపు పరిచి ఉంటే, చిన్నమ్మ ఏమైపోయేదోనని.