ఇద్దరికి ఒకే కోటు

ఆమెకి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఫైర్ స్టేషన్లో మాత్రం దాన్ని ఎవరూ వాడిన పాపాన పోలేదు. డ్రైవరు మొదలుకొని స్టేషనాఫీసరు దాకా అందరికీ ఆమె గుండీలక్కే. స్టేషను వెనక క్వార్టర్సులో, మూడో అంతస్తులో, కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని కూర్చునేది. ఊడిన గుండీ అయినా, చిరిగిన జేబు అయినా, పిగిలిన చంక అయినా ఆమె దగ్గరికే వచ్చేది. "మంటల్లోకి దూకమంటే దూకుతారు గానీ, సూదిలోకి దారం ఎక్కించమంటే చెమటలు పడతాయి వీళ్లకి" అని దెప్పుతూనే కుట్టిపెట్టేది.

ఆమె భర్తని స్టేషన్లో నిచ్చెన అనేవాళ్లు. అంత పొడుగు మనిషి. గుమ్మాల దగ్గర తల వంచీ వంచీ చివరికి ఆరుబయట కూడా వంగే నడిచేవాడు. ఆయన డ్యూటీ దిగితే ఎక్కే మనిషిని బుడంకాయ అనేవాళ్లు. అతని కొలత ఎంతో పేరే చెబుతోంది కాబట్టి నేను వేరే చెప్పక్కర్లేదు. ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూసిన డిపార్ట్‌మెంటుకి ఏం ముచ్చటేసిందో గానీ, మంటల్లో వేసుకునే మందపాటి కోటు ఇద్దరికీ కలిపి ఒక్కటే ఇచ్చింది. కాగితం మీద మాత్రం రెండు. "కోటు ముట్టింది" అని స్టోరు రిజిస్టర్లో బుడంకాయ సంతకం కూడా ఉంది. "వస్తుందిలే, ముందు సంతకం పడెయ్" అన్నారు, పడేశాడు. అప్పటికి ఆరేళ్లు. ఆ కోటు ఇంకా వస్తూనే ఉంది. కాకిలెక్కలు రాసేవాళ్లకి చలీ వేడీ తగలవు కదా.

నిచ్చెన కోటు బుడంకాయ వేసుకుంటే చీలమండల దాకా దిగేది. నిప్పుల మధ్య అంచు తొక్కుకుని బోర్లా పడితే ఇంకేమైనా ఉందా? అందుకని గుండీలక్క ఒక ఉపాయం చేసింది. కోటు లోపలివైపు అంచు పొడవునా, చేతుల చివరా కాజాలు తీసి, వాటికి జానెడు పైన ఇత్తడి గుండీలు కుట్టింది. అంచు మడిచి గుండీలు పెడితే బుడంకాయ కోటు. విప్పేస్తే నిచ్చెన కోటు. మొత్తం ఇరవై రెండు గుండీలు. ఆరేళ్ల పాటు షిఫ్టు మారినప్పుడల్లా ఒకడు విప్పడం, ఇంకొకడు పెట్టుకోవడం. ఆ స్టేషన్లో డ్యూటీ మారడమంటే నిజానికి ఆ గుండీలు మారడమే. రిజిస్టర్లో సంతకం గేటు దగ్గర మొక్కుబడిగా ముందే అయిపోయేది.

ఇక ఆ రోజు సంగతి. గుండీలక్క అత్తగారికి కంట్లో శుక్లాలు. ఉదయం ఆరున్నరకల్లా ఆపరేషనుకి ఆసుపత్రిలో ఉండాలి. మూడంతస్తులు దిగాలి, లిఫ్టు లేదు. ముసలావిడ ముందే తేల్చి చెప్పేసింది. "వాడు చెయ్యి పట్టుకుంటేనే దిగుతా. నువ్వు పట్టుకున్నావంటే ఇద్దరం కలిసి దొర్లుతాం. డాక్టరు కళ్లు వదిలేసి కాళ్లు చూడాల్సొస్తుంది."

అందుకని ముందురోజు డ్యూటీకి బయల్దేరుతున్న భర్తతో గుండీలక్క అంది, "రేపు కాస్త ముందుగా వచ్చెయ్యండి."

"బుడంకాయని తొందరగా రమ్మంటాలే" అన్నాడాయన. షిఫ్టు ఆరింటికి మారాలి. కానీ అవసరానికి ఒకరికొకరు గంట ముందు వచ్చి విడిపించడం వాళ్లలో ఎప్పటి నుంచో ఉంది. అది రూల్సులో లేదు, మనుషుల్లో ఉంది.

బుడంకాయ మాట మీద నిలబడ్డాడు. ఐదూ పదికి గేటు దగ్గర ఉన్నాడు. నిచ్చెన అప్పుడే ఒక దుకాణం మంటలార్పి వచ్చి, ఒంటి మీద కోటు నీళ్లోడుతుండగానే "డ్యూటీ అప్పగించాను" అని సంతకం చేశాడు. ఇద్దరూ లోపలికి నాలుగడుగులు వేశారో లేదో బెల్లు మోగింది.

మూడో అంతస్తులో అత్తాకోడళ్లు సంచీ సర్దుకుని, మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. ఫైరింజను సైరను మోగిస్తూ గేటు దాటడం వాళ్లకి వినబడింది. "పాపం, పొద్దున్నే ఎవరి కొంప అంటుకుందో" అంది అత్త. "ఈయన దిగిపోయి ఉంటారు అత్తయ్యా, వస్తూ ఉంటారు" అంది కోడలు. ఆ మాట అంటున్నప్పుడు తన మనసు ఎంత తేలిగ్గా ఉందో ఆమె ఇప్పటికీ మర్చిపోలేదు. ఎవరో వెళ్లారు, మన మనిషి కాదు అనుకుంది. అలా అనుకున్నందుకే తనని తాను ఈనాటికీ క్షమించుకోలేదు.

అంటుకున్నది చెక్కసామాను గోదాము. ఆరు కాకుండానే దాని గోడ కూలింది. గోడ కింద పడింది ఒక్కడే.

డ్యూటీలో పోయినవాళ్ల కుటుంబానికి ప్రభుత్వం పూర్తి పెన్షను ఇస్తుంది, క్వార్టరు ఉంచుతుంది, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తుంది. చాలా మంచి రూలు. మూడో నెలలో గుండీలక్కకి వచ్చిన ఉత్తరంలో మాత్రం, ఆ రూలు ఆమెకి వర్తించదని, క్వార్టరు ఖాళీ చెయ్యాలని ఉంది. తప్పు చదివానేమో అని రెండుసార్లు చదివింది. తర్వాత చెప్పులేసుకుని ఆఫీసుకి వెళ్లింది.

పెన్షన్ల సెక్షన్లో గుమాస్తా చెడ్డవాడేం కాదు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి మరీ గొంతు కోశాడు.

"రికార్డు ఏం చెప్తే నేనూ అదే చెప్పాలమ్మా. ఐదూ పదికి మీవారు డ్యూటీ దిగారు. సంతకం ఆయనదే. ఆ తర్వాత ఇంటికి వెళ్తూ వెళ్తూ, సొంత ఇష్టం మీద బండెక్కారు."

"సొంత ఇష్టం మీద చావడానికి వెళ్లారంటారా?"

గుమాస్తా ఫైలు మూసి, గొంతు తగ్గించి అన్నాడు. "అప్పీలు పెట్టుకోండి. ఆ టైముకి ఆయన డ్యూటీ నిజంగా దిగలేదు, ఇంటికి బయల్దేరలేదు అని రుజువు చెయ్యాలి. అంతే."

అంతే! కాలూ చెయ్యీ ఆడని మనిషికి కొండెక్కమని చెప్పి, చివర్లో అంతే అనడం ఆఫీసులకే చెల్లింది.

రుజువు చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. బుడంకాయ. నిచ్చెన పోయిన రోజు నుంచీ అతను క్వార్టర్సు వైపు తొంగి చూడలేదు. మెట్లు ఎక్కలేదు, ఎదురుపడితే పక్క సందులోకి తప్పుకున్నాడు. తన మనిషి పోయాక తన ఇల్లు కూడా అతనికి చేదైందనుకుంది ఆమె. ఆ కోపంతోనే స్టేషను పెరట్లోకి వెళ్లింది. తడి గొట్టాలు ఆరేస్తూ దొరికిపోయాడు.

"తమ్ముడూ, నాకు నీ ఓదార్పు అక్కర్లేదు. ఆ పొద్దున ఏం జరిగిందో చెప్పు. తర్వాత మళ్లీ నా మొహం చూడకపోయినా ఫర్వాలేదు."

అతను గొట్టం చేతిలోంచి జారవిడిచి అక్కడే చతికిలపడ్డాడు.

"బెల్లు మోగింది వదినా. నేను కోటు ఇమ్మన్నా. అన్న విప్పబోయాడు కూడా. మళ్లీ ఆగి, 'ఒరేయ్, నువ్వు ఇరవై రెండు గుండీలూ పెట్టుకునేసరికి అక్కడ బూడిద కూడా మిగలదు. నేనే పోయొస్తా, వచ్చాక ఇస్తాలే' అని బండెక్కేశాడు. నవ్వుతూనే ఎక్కాడు. ఆ బండి మీద ఉండాల్సింది నేను. ఏ మొహం పెట్టుకుని నీ మెట్లెక్కను?"

ఆమె అతని పక్కనే కూర్చుండిపోయింది. ముందుగా రమ్మన్నది తను. ఆ గుండీలు కుట్టింది తను. పది కుట్టి ఊరుకుంటే పోయేది కదా, కోటు కాస్త జారితే జారేది. అతను తన వల్లేనని ఇన్ని నెలలు దాక్కున్నాడు. తప్పంతా తనదేనని ఆమెకి ఆ క్షణంలో తెలిసింది. కాసేపు ఇద్దరూ ఆ తడి గొట్టాల మధ్య కూర్చుని ఏడ్చారు.

తర్వాత ఆమె కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది. "ఇదే మాట ఆఫీసర్ల ముందు చెప్తావా?"

"చెప్తే, కోటు ముట్టకుండానే ముట్టిందని సంతకం పెట్టానని ఒప్పుకోవాలి. స్టేషనాఫీసరు అప్పుడే పిలిచి చెప్పాడు, నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుందని." కాస్త ఆగి అన్నాడు. "చెప్తా వదినా."

విచారణ రోజున పొడవాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్దాఫీసరు ఆడమనిషి, కళ్లద్దాల మీదుగా చూసే రకం. బుడంకాయ మొత్తం చెప్పాడు. ఆవిడ స్టోరు రిజిస్టరు తిప్పి చూపించింది. "మీకు వేరే కోటు ఇచ్చినట్టు ఇక్కడ మీ సంతకమే ఉంది. ఏ మాట నమ్మమంటారు?"

గుండీలక్క లేచి నిలబడింది.

"అమ్మా, మావారి ఒంటి మీద ఉన్న కోటు మీ దగ్గరే ఉంది. ఒక్కసారి తెప్పించండి."

సీలు వేసిన సంచీలోంచి కోటు తీశారు. ఒక పక్కంతా మసి, సిమెంటు దుమ్ము. ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకోవాలనుకుంది, పెట్టుకోలేదు. నేరుగా తీసుకెళ్లి బుడంకాయకి తొడిగింది. అంచు నేల మీద పడింది. చేతులు వేళ్లని దాటి వేలాడాయి. చనిపోయినవాడి కోటులో ఆ పొట్టి మనిషి, తండ్రి చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా నిలబడ్డాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

ఆమె అతని కాళ్ల దగ్గర కూర్చుని అంచు మడిచి ఒక్కొక్క గుండీ పెట్టడం మొదలుపెట్టింది. పెడుతూ పైకి లెక్కపెట్టింది. పదకొండు దాటాక లెక్క ఆపేసింది. మిగిలినవి అలాగే పెట్టింది. గోడ మీద గడియారంలో సెకన్ల ముల్లు మూడు చుట్లు తిరిగింది. ఇరవై రెండో గుండీ పడేసరికి కోటు అతనికి కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

"కుట్టింది నేను. వేరే కోటే ఉంటే ఇన్ని గుండీలు కుట్టాల్సిన ఖర్మ నాకేంటమ్మా? బెల్లు మోగాక మూడు నిమిషాలు ఎవరాగుతారు?"

పెద్దాఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఆరుదాకా ఆగకుండా ఆయన ముందే ఎందుకు దిగాలనుకున్నారు?"

"నేనే తొందరగా వచ్చానమ్మా, నిద్ర పట్టక" అన్నాడు బుడంకాయ గబుక్కున. ఆమెని కాపాడదామని అతని తాపత్రయం.

"అబద్ధం. నేనే రమ్మన్నాను" అంది గుండీలక్క. "మా అత్తయ్యని మెట్లు దింపాలి, ఇంటికి తొందరగా రండి అన్నాను. ఆయన వద్దామనే అనుకున్నారు. అది దాచి నాకొచ్చే పెన్షను నాకొద్దు."

పెద్దాఫీసరు రూల్సు పుస్తకం తెరిచి, ఒక పేజీ దగ్గర ఆగి, పక్కవాళ్లకి చూపించింది. ఎక్కేవాడు కోటుతో సహా పూర్తిగా సిద్ధమయ్యేదాకా, దిగేవాడు స్టేషను వదలకూడదు. సంతకం అయినా సరే. ఆ రూలు అక్కడే ఉంది, ఎన్నేళ్ల నుంచో ఉంది. దాన్ని తెరిచిన పుణ్యాత్ములే లేరు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పూర్తి పెన్షను, క్వార్టరు, స్టోర్సులో ఆమెకి ఉద్యోగం. బుడంకాయకి మాత్రం తప్పుడు సంతకం పెట్టినందుకు రెండేళ్ల దాకా జీతం పెరగదు. "పోనీలే వదినా, నేనెలాగూ పెరగనివాణ్నే కదా" అని వాళ్ల గుమ్మంలోనే నవ్వబోయి, నవ్వలేక, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అత్తగారు మంచం మీద కూర్చుని ఉంది. కొడుకు పోయాక ఆపరేషను మాటెత్తనివ్వలేదు ఆవిడ. చూడ్డానికి ఏం మిగిలిందని అనేది.

"ఏముందే దాంట్లో? చదువు."

గుండీలక్క చదివింది. ఆఫీసు భాష పొడుగు పొడుగు వాక్యాలు నెమ్మదిగా దాటుకుంటూ వచ్చి, చివరి పేరా అందుకుంది. "...కావున మరణించిన సమయానికి సదరు ఉద్యోగి విధుల్లోనే ఉన్నారని, ఇంటికి బయలుదేరలేదని నిర్ధారించడమైనది."

"బయల్దేరలేదా?" అంది ముసలావిడ. "మనం మెట్ల మీద నిలబడ్డాం కదే. వస్తున్నాడన్నావు."

"అవునత్తయ్యా."

"వాడు అడుగైనా వెయ్యలేదా మన వైపు?"

కోడలు కాగితం వంక చూసింది. తొమ్మిది నెలలు కాళ్లరిగేలా తిరిగి, కాళ్ల దగ్గర కూర్చుని గుండీలు పెట్టి, నలుగురిలో నిలబడి ఆమె గెలుచుకున్న మాట అదే. ఆ పొద్దున ఆయన ఇంటికి రావడం లేదని రుజువు చేసింది ఆమే.

"లేదత్తయ్యా" అంది. "వెయ్యలేదు."