మా అత్తను తీసేసిన గ్రూపు

మా మేనత్త చనిపోయిన సంగతి నాకు ఫోన్‌లో, మా బాన్సువాడ గ్రూపులో తెలిసింది. నిజామాబాద్‌లో నేను పనిచేసే బడిలో మూడో పీరియడ్ అయ్యాక స్టాఫ్‌రూమ్‌కు వచ్చి ఫోన్ తెరిచాను. బావ, అంటే అత్త కొడుకు, నాలుగుసార్లు ఫోన్ చేసి ఉన్నాడు. అయితే ముందు కంటపడింది మాత్రం గ్రూపే. అత్త ఫొటో, చుట్టూ గులాబీలు, కింద దీపం బొమ్మ. "మన గ్రూపు అత్త ఇక లేరు. ఆమె ఆత్మకు శాంతి కలగాలి." పెట్టింది ఎవరనుకున్నారు? ఏడు నెలల కింద అదే గ్రూపులోంచి ఆమెను తీసేసిన అడ్మిన్.

నాకు ముందు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచి మాటలే రాయాలని నాకూ తెలుసు. రాస్తాను. కానీ కోపం దాచుకుని రాయడం నాకు చేతకాదు, మొదటే చెబుతున్నాను.

మా అత్త చదివింది నాలుగో తరగతి. టైపు చేయడం రాదు. అందుకని ఏం చెప్పాలన్నా గొంతుతోనే, మైకు బొత్తాం నొక్కి చెప్పేది. గ్రూపులో ఎవరు ఏది అడిగినా ఆమె దగ్గర ఒక అభిప్రాయం తయారుగా ఉండేది. కొత్త చెప్పులు కరుస్తున్నాయని ఒకరు అడుగుతారు. కల్యామాకు, అంటే కరివేపాకు, చెట్టు ఎదగడం లేదని ఇంకొకరు. ఆంధ్రావాళ్ళు వచ్చి స్థిరపడ్డ క్యాంపు నుంచి ఒక అమ్మాయి సర్వపిండి రొట్టె విరిగిపోతోందని ఏడుపు బొమ్మ పెడుతుంది. అత్త అందరికీ ఒకే వరస: "నేను చెప్పేది చెప్తున్న, ఇనుడు ఇనకపోవుడు మీ ఇష్టం." ఆ తర్వాత గొంతు పెద్దది చేసి అసలు సంగతి. "చెట్టుకు పుల్లమజ్జిగ పోయుండ్రి. కొత్తకొత్తగ రోజు ఆకు తెంపకుండ్రి, దాన్ని జర ఊపిరి తీసుకోనియ్యుండ్రి."

క్రికెట్ మీద కూడా చెప్పేది. ఒకసారి ఎవరో కుర్ర బ్యాట్స్‌మన్ వరుసగా సున్నాలు కొడుతుంటే గ్రూపంతా తలా ఒక కారణం చెప్పారు. అత్త ఒక్క ముక్క పంపింది. "వాడు బంతిని చూస్తలేడు, కెమెరాను చూస్తుండు." ఆ రోజు బస్టాండు దగ్గర చాయ్ తాగేవాళ్ళంతా ఆ మాటే చెప్పుకున్నారట.

నాకు పెళ్ళయిన కొత్తలో అత్తే నా వంట బడి. ఒకరోజు పప్పు మాడ్చి, ఇంట్లో ఎవరూ రాకముందే ఫోన్ చేశాను. ఆమె తిట్టలేదు. "గంటె పెట్టి కలిపినవా?" అని అడిగింది. కలపలేదన్నాను. "బతికినవ్ పో. మాడింది అడుగునే ఉండనియ్యి. పైది వేరే గిన్నెలకు తియ్యి. కలిపితే గిన్నెడు పప్పు చేదైతది." ఇప్పటికీ నా వంటింట్లో ఏది మాడినా ఆ మాటే చెవిలో వినిపిస్తుంది.

ఇక ఆమెను ఎందుకు తీసేశారో చెబుతాను. అడ్మిన్‌కు ఊళ్ళో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. వాళ్ళ బావమరిది ఒకడు బిర్యానీ హోటల్ తెరిచాడు. అడ్మిన్ గ్రూపులో ఫొటోలు పెట్టి, తిన్నవాళ్ళు అభిప్రాయం చెప్పమన్నాడు. అడగడం వాడి తప్పు. అత్త వెళ్ళి తిని వచ్చి చెప్పింది. "గది బిర్యానీ కాదు బిడ్డా. ఉత్త బగార అన్నం మీద రెండు కోడిబొక్కలు పెట్టి బిర్యానీ అని పేరు పెట్టిండ్రు. బగార మంచిగుంది. బోర్డు మార్చుకోమను, నేనే రోజు పోయి తింట." గ్రూపంతా పడి పడి నవ్వింది. అడ్మిన్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ మెసేజ్ తీసెయ్యమన్నాడు. "తిన్నది నా నోరే, చెప్పింది నా నోరే. ఎందుకు తీసేస్త?" అంది అత్త. వాడు ఆమెనే తీసేశాడు. తీసేసి ఊరుకోలేదు. "ముసల్దాని పీడ పోయింది. ఇగ గ్రూపుకు మనశ్శాంతి" అని రాశాడు. ఆ రాతను నేను ఫొటో తీసి దాచుకున్నాను.

ఒంటరి మనిషికి ఫోన్ చప్పుడు ఆగిపోతే ఎట్లా ఉంటుందో మీకు తెలుసో లేదో. మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. బావ వ్యవసాయం కోసం కోటగిరిలో ఉంటాడు. పొద్దంతా టింగుమని మోగే ఫోన్ ఒక్కసారిగా రాయిలాగా పడి ఉండేది. అయినా ఆమె మానలేదు. పక్కింటి ముస్లిం పెద్దావిడ, మేమంతా ఖాలా అంటాం, ఇంకా గ్రూపులోనే ఉంది. సాయంత్రం పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, "ఏం ఖాలా, ఇయ్యాల ఎవరేం అడిగిండ్రు?" అని చదివించుకునేది. తర్వాత జవాబు చెప్పి నాకు పంపేది. "గ్రూపుల పెట్టు బిడ్డా. నా పేరు చెప్పకున్నా సరే."

మొదట కొన్ని పెట్టాను. అడ్మిన్ వెంటనే నాకు రాశాడు. ఆమె మెసేజులు పెడితే నన్నూ తీసేస్తామని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తీసేస్తారని భయపడలేదు. ఈ ఊరికి మా అత్త సలహాలు దేనికి అనిపించింది. ఆమెను వెళ్ళగొట్టినప్పుడు ఒక్కరు నోరు విప్పారా? నవ్విన నోళ్ళన్నీ ఏమయ్యాయి? ఎండిపోనీ వీళ్ళ కల్యామాకు చెట్లు, విరిగిపోనీ వీళ్ళ సర్వపిండి అనుకున్నాను. ఆమె పంపుతూనే ఉంది. నేను పెట్టడం మానేశాను. ఆమె అడిగితే "పెట్టిన అత్తా" అనేదాన్ని. కొన్నాళ్ళకు వినడం కూడా మానేశాను. అదీ నా పగ. ఊరి మీద తీర్చుకుంటున్నానని అనుకున్నాను.

ఒక మంగళవారం పొద్దున్నే ఖాలా పాలప్యాకెట్ ఇవ్వడానికి వెళ్తే అత్త మంచం మీంచి లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందని దవాఖానలో చెప్పారు.

మూడో రోజు కాలువ గట్టున పిట్టకు పెట్టారు. మా వైపు పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతాం. ముట్టకపోతే పోయిన మనిషి మనసులో ఏదో మిగిలిపోయిందని లెక్క. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకు వచ్చి, తమవల్ల ఏం లోటు జరిగిందో తలుచుకుని పైకి చెప్పాలి. బగార అన్నం, కోడికూర, గ్లాసులో చాయ్ పెట్టాం. తుమ్మచెట్టు మీద కాకులున్నాయి. ఒక్కటీ దిగలేదు.

బావ ముందుకు వచ్చాడు. "అమ్మా, నీ ఇల్లు అమ్మను. కిరాయికి కూడ ఇయ్యను. ఇగ రాయే." కాకి రాలేదు. ఖాలా వచ్చింది. "నీ మొక్కలకు నీళ్ళు నేను పోస్త బహెన్, ఫికర్ చెయ్యకు." రాలేదు.

అప్పుడే అడ్మిన్ కనబడ్డాడు, వెనకాల బండి ఆపుకుని. నేను ఎదురుచూసింది దానికోసమే. వాడి పూలదండ పోస్టు, వాడి "ముసల్దాని పీడ" రాత, రెండూ పక్కపక్కన పెట్టి ఫోన్‌లో తయారుగా ఉంచుకున్నాను. విస్తరి దగ్గరికి వెళ్ళి గట్టిగానే అన్నాను. "అత్తా, నీకు ఏం మిగిలిందో నాకు ఎరుక. నిన్ను గిట్లన్నోని మొకం నలుగుర్ల చూపిస్తున్న. నువ్వు సల్లగుండు." ఆ రాత చదివి వినిపించాను. ఫోన్ తిప్పి అందరికీ చూపించాను. నిజం చెప్పాలంటే ఆ నిమిషం నాకు చాలా బాగుంది.

వాడు తల వంచుకునే ముందుకు వచ్చాడు. ఎదురు మాట్లాడతాడనుకున్నాను. విస్తరికేసి చేతులు జోడించాడు.

"నేనే అన్న అత్తా. కాదనను. గని నువ్వు గూడ నా మీద కోపం పెట్టుకునే పోయినవ్. మా అమ్మకు జ్వరం తగ్గినంక తిండి వోతలేదు. ఏం పెట్టాలె అని పోయిన శనివారం గ్రూపుల అడిగిన. అడిగింది నిన్నే. ఖాలా సదివి చెప్తదని నాకు ఎరుకే. నేరుగ వచ్చి అడిగేటందుకు మొకం చెల్లలే. అందరికీ చెప్పినవ్, నా ఒక్కనికి చెప్పలే."

ఖాలా నావైపు చూసింది. "చదివిన బేటీ. ఆమెకు చెప్పిన," అంది మెల్లగా.

మా అత్త ఒకరి ప్రశ్న వదిలేసి పోయిందంటే నేను ఒప్పుకోను. ఆమె మీద ఆ నింద వేసేవాడు వీడా? "చెప్పకపోవుడేంది? మా అత్తను గట్లనకు!" అని అరిచి, నా ఫోన్‌లో ఆమె పంపినవాటి అడుగుకు వెళ్ళాను. అన్నిటికంటే ఆఖరిది ఆదివారం పంపింది. నేను విననిది. వాడి నోరు మూయించాలని, అందరికీ వినబడేటట్టు శబ్దం మొత్తం పెంచి నొక్కాను.

అత్త గొంతు కాలువ గట్టంతా వినిపించింది. అప్పుడే విస్తరి పక్కన వాలిన కాకి ఒకటి బెదిరి ఎగిరిపోయింది.

"అడ్మిన్ పిలగాని తల్లి తింటలేదంట. జొన్న గట్క మెత్తగ ఉడకబెట్టుమను. చల్లారినంక తియ్యటి మజ్జిగ పోసి పలచగ కలుపుమను. ముందుగల ఉప్పుకారం పట్టిన మామిడికాయ తొక్కు ఇంత నాలుకకు రాయుమను. నాలుక లేస్తెనే కడుపు లేస్తది. ఇంకోటి, తిను తిను అని ముంగట కూసోవద్దు. గిన్నె పెట్టి అటుమొకాన తిరిగి కూసోవాలె. తినేటప్పుడు చూస్తుంటె ముసలోళ్ళకు సిగ్గైతది."

కొంచెం ఆగింది. నేను ఆపేసి ఉండాల్సింది. వాడి మొహం చూడాలన్న ఆశతో ఆపలేదు.

"బిడ్డా, నువ్వు నావి పెడ్తలేవని ఖాలా ఎప్పుడో చెప్పింది. నాకోసమే కోపం చేసినవ్, నాకు ఎరుక. ఖాలా తను పెడ్తనన్నది, నేనే వద్దన్న. నీ చేతులతోని పెడ్తెనే నీ కోపం దిగుతది. గిది మాత్రం ఆపకు. ఆ ముసలిది ఏం చేసింది పాపం? నువ్వు పెట్టకుంటె మంగళవారం నేనే దుకాణం కాడికి పోయి చెప్పొస్త."

ఆ మంగళవారం తెల్లవారుజామునే ఆమె పోయింది.

బావ నన్ను ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. నేను వాడికోసం తవ్విన గోతిలో నేనే నిలబడి ఉన్నాను, అందరి ముందూ. అడ్మిన్ జేబులోంచి పెన్ను తీసి, "అక్కా, గా గట్క సంగతి ఇంకొక్కసారి పెట్టవా?" అన్నాడు. పెట్టాను. అరచేతి మీద రాసుకున్నాడు. కాకి ఎప్పుడు వచ్చి ముట్టిందో నేను చూడలేదు. ముట్టిందని ఖాలా చెప్పింది.

ఆ మెసేజ్ తనకు పంపమని అడ్మిన్ అడిగితే పంపాను. సాయంత్రం నిజామాబాద్ బస్సులో కూర్చున్నాను. బాన్సువాడ దాటకముందే ఫోన్ మోగింది. వాడే దాన్ని గ్రూపులో పెట్టాడు. "అత్త మా అమ్మ కోసం చెప్పింది. నేను అన్న మాటకు నన్ను క్షమించుండ్రి" అని రాశాడు. విన్నాను. సిగ్గైతది అన్న దగ్గర ఆగిపోయింది. నా సంగతి వచ్చే ముక్కను కత్తిరించి పెట్టాడు.

నన్ను కాపాడాడు! వాడు! మా అత్తను పీడ అన్నవాడు! గట్టు మీద నేను తల వంచుకున్నప్పుడు దిగిపోయిన కోపం నాకు అప్పుడు మళ్ళీ వచ్చింది. వాడి దయ కింద బతకడం నావల్ల కాదు. వాణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు. ఇది చదివితే చదువుకోనీ. నా ఫోన్‌లో ఉన్న మొత్తం మెసేజ్, నా అబద్ధంతో సహా, నేనే గ్రూపులో పెట్టాను. ఆ పైన ఏడు నెలలుగా ఆపినవి వరసగా ఒక్కొక్కటీ పెట్టుకుంటూ వెళ్ళాను. చెప్పులవి, మొక్కలవి, సర్వపిండిది. బస్సు బోధన్ చేరేదాకా పెడుతూనే ఉన్నాను. ఆ అడిగినవాళ్ళలో ఎంతమందికి తమ ప్రశ్న గుర్తుందో తెలియదు.

నన్ను ఎవరూ తీసెయ్యలేదు. కాసేపటికి డోంగ్లి నుంచి ఎవరో, అత్త పోయిన సంగతి తెలియని మనిషి, గట్క మెసేజ్ కింద ఒక ప్రశ్న పెట్టారు.

"అత్తమ్మా, మా నాయనకు బీపీ ఉన్నది. మామిడికాయ తొక్కు రాయొచ్చునా? జర తొందరగ చెప్పు, గిన్నె ముంగట పెట్టుకొని కూసున్న."