మిగిలిపోయిన చుట్లు

"ఈ పొద్దు వద్దులే మే, ఒళ్ళు బరువుగా ఉండాది" అనె మా ఆయన, పార్కు గేటు కాడ నిలబడి.

"ఇంగ ఎనిమిది దినాలే గదప్పా. మొక్కిన మొక్కు. చుట్టు మొదలుపెట్టినాక నడుమ ఆపేది లేదు, ఎనక్కి తిరిగేది లేదు. పోయి రా" అంటి నేను.

"నీతో మాట్లాడి గెలిచినోడెవడు" అని నవ్వి, చెప్పులు ఈడ్చుకుంటా పాయ.

అంతే. మా ఇద్దరికీ మాటలు అయిపాయ. రేణుకా, ఇదే మొదట రాయి పాపా. మిగిలింది దీని ఎనకాల చెప్తా.

మాది కోడుమూరు పక్కన పల్లె. టమాటా సేద్యం. నాకు సంతకం వరకే వచ్చు, అందుకని నేను చెప్తాంటే మా ఆడబిడ్డ కూతురు రేణుక రాస్తాండాది.

పోయిన ఎండాకాలం మా ఆయన పత్తికొండ మార్కెట్లో టమాటా బాక్సు ఎత్తతాంటే ఎడమ చెయ్యి లాగేసి, ఒళ్ళంతా చెమట పట్టింది. గ్యాస్ అనుకున్నాడు. సోడా తాగినాడు. ఇంటికొచ్చినాక నేనూ గ్యాస్ అనే అనుకుని వాము నమిలిస్తి. రెండు దినాలు అట్లే గడిపితిమి. మూడో దినం మా ఆడబిడ్డ కర్నూలు నుంచి వచ్చి, ఆయప్ప మొకం చూసి, తిట్టి, ఆటో ఎక్కించుకుని పాయ.

ఆస్పత్రిలో ఈసీజీ తీసిరి, రక్తం తీసిరి. డాక్టరమ్మ చీటీ చూసి, "ట్రోపోనిన్ పాజిటివ్ వచ్చింది. ఇది గ్యాస్ కాదమ్మా, హార్ట్ అటాక్" అనె. యాంజియోగ్రామ్ చేసి, ఒక నరంలో బ్లాక్ ఉండాదని స్టెంట్ వేసిరి. డిశ్చార్జ్ నాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పె: "దినాము వాకింగ్ చేయించు. కానీ నడిచేటప్పుడు నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా ఆడనే ఆగిపోవాల." నేను రెండు మాటలూ ఇంటి. ఒకటే తలలో పెట్టుకుంటి.

చెకప్పులకు దగ్గరని కర్నూల్లో మా ఆడబిడ్డ ఇంట్లోనే ఉంటిమి. ఊరి చివర చెరువు పక్కన పార్కు ఉండాది. గేటు కాడ మొదలైన దారి రోంతసేపు నీళ్ళ ఒడ్డునే పోతాది. ఆమీట బురద, మనిషెత్తు జమ్ము. బురద మీద పలకల వంతెన, దానికి ఇనప కమ్మీ. వంతెన దాటినాక కానుగ చెట్లు, తుమ్మ చెట్లు. ఆ చెట్లలో పడి చుట్టి మళ్ళా గేటు కాడికే వస్తాది. చెట్ల నడుమ బండ మీద ఆంజనేయస్వామి ఉండాడు.

మా ఆయన నడిస్తే గదా! "పనీ పాటా లేకుండా గుండ్రంగా తిరిగేదానికి నేనేమన్నా గానుగెద్దునా?" అని బెంచీ మీద కూర్చునేవాడు. సేద్యగాడు, ఊరికే నడిచేది అంటే సిగ్గు. అప్పుడు నాకు తోచింది. డాక్టర్ మాట ఇనకపోయినా స్వామి మాట ఇంటాడు గదా అని, "నీ పేరున మండలం మొక్కినా. నలభై ఎనిమిది దినాలు, దినానికి ఒక చుట్టు, ఈ దారి పట్టి స్వామి చుట్టూ తిరగాల. స్వామి కుడిపక్కనే ఉండాల, నడుమ తిరుక్కోగూడదు" అంటి. మరుసటి దినం పొద్దున్నే నాకంటే ముందు లేచె. వానొచ్చినా ఆపలేదు. చెకప్ కాడ డాక్టరమ్మ, "ఏం మంత్రం వేసినావమ్మా మీ ఆయనకు? గుండె శానా బాగుంది" అనె. నాకు ఒకటే గర్వం.

నలభై ఒకటో దినం ఆ మాటలు అయినాయి. నేను గేటు కాడ బెంచీ మీద కూర్చుని చెట్లలో నుంచి దారి వచ్చే తావు చూస్తాంటి. ఆయప్ప రాలే. మనుషులు ఉరికినారు. చెట్లలో కడపటి మలుపు కాడ, ఇంగ నాలుగు అడుగులేస్తే గేటు అగుపించే తావులో, పక్కకు ఒరిగి ఉండాడు. నూట ఎనిమిది బండి వచ్చింది. ఆస్పత్రిలో మిషన్ల చప్పుడు ఇనిపించింది, ఆమీట ఏ చప్పుడూ లేదు.

దినాలు అయిపాయ, చుట్టాలు పాయిరి. ఇంట్లో చెప్పులు ఈడ్చే చప్పుడు మాత్రం పోలే. వంటింట్లో ఉంటే వాకిట్లో ఇనిపించేది. వాకిట్లోకి వస్తే వీధిలో. మిగిలిన ఎనిమిది చుట్లు అడుగుతాండాడనుకుంటి. మా ఆడబిడ్డ, "ఆయప్ప మొక్కు ఆయప్పతోనే పాయ వదినా, నీకెందుకు?" అనె. నేను ఇనలే. పార్కుకు పోతి. మొదటి దినం, రెండో దినం చుట్టు అయింది. జమ్ములో నడిచేటప్పుడు నా ఎనకాలే ఆ చెప్పుల చప్పుడు. తిరిగి చూడల్లనిపించేది. మొక్కులో ఎనక్కి తిరగగూడదు గదా, చూడలే.

మూడో దినం వంతెన కాడ రొమ్ము మీద బండ పెట్టినట్లాయ. దవడ లాగింది. కమ్మీ పట్టుకుంటి. పార్కు ఊడ్చే ఆమె, మాబున్ని, నన్ను చూసి చీపురు పారేసి వచ్చె.

"అక్కా, గేటు ఈడే ఉండాది, ఎనక్కి పోదాం పా."

"ఎనక్కి తిరగగూడదు మాబున్నీ. మొక్కు."

ఆ మాటకు ఆమె కండ్లల్లో నీళ్ళు తిరిగె. "యా అల్లా! అన్న కూడా ఇదే మాట అనె అక్కా. ఈడనే, ఈ కమ్మీ పట్టుకునే. తిరుక్కో అన్నా, గేటు ఈడే అంటే, 'తిరుక్కుంటే నా పెండ్లాం మొక్కు చెడిపోతాదమ్మా' అని చెట్లలోకి పాయ. నీకు చెప్పల్లా వద్దా అని ఇన్నాళ్ళు నోరు మూసుకుంటి."

వంతెన కాడి నుంచి ఎనక్కి గేటు పిలిస్తే పలికేంత దూరం. ముందుకు పోతే చెట్లన్నీ దాటాల. ఆయప్ప నొప్పిని పట్టుకుని చెట్లన్నీ దాటినాడు. నా మాట కోసం.

నేను తిరుక్కుంటి. మాబున్ని నన్ను నడవనీయలే. ఆకులు ఎత్తే తోపుడు బండి మీద కూర్చోబెట్టి, వాచ్‌మన్‌ను కేకేసి, ఇద్దరూ తోసుకుంటా వచ్చిరి. ఎదురు దిక్కున పోతాండాం గదా, ఆయప్ప మొకామొకి ఎదురొస్తాడని కండ్లు గట్టిగా మూసుకుంటి. రాలే. చెప్పుల చప్పుడు మాత్రం నన్ను దాటి ముందుకే పాయ, చెట్లలోకి.

నాకూ ఈసీజీ, ఎకో, యాంజియోగ్రామ్. "రెండు బ్లాకులు ఉన్నాయి. ఇప్పటికి మందులతో చూద్దాం" అనె అదే డాక్టరమ్మ. నేను ఉన్నదంతా చెప్పి, "నేనే చంపినానా మేడం?" అని అడిగితి. ఆమె నా చెయ్యి పట్టుకునె. "ఆగి ఉంటే బతికేవాడని నేను చెప్పలేను. బతికేవాడు కాదనీ చెప్పలేను. నువ్వు ఆగినావు, నువ్వు ఉన్నావు. అంతవరకు చెప్పగలను" అనె.

ఆ మాట మోసుకుని ఇంటికొచ్చి, నెల దినాలు మాత్రలు మింగలే. కొంగున కట్టుకుని పారేస్తాంటి. మళ్ళా నొప్పి, మళ్ళా ఐసీయూ. ఆడ రేణుక నా మంచం పట్టుకుని, "మామను నేను కూడా చూసుకోలేకపోతి అత్తా. నిన్ను కూడా పోగొట్టుకోమంటావా?" అని ఏడ్చె. అప్పటి నుంచి దాని ముందరే మింగుతాండా. ఇది కూడా రాయి పాపా, కొట్టేయద్దు.

ఇప్పుడు దినాము పార్కుకు పోతా. వంతెన వరకు పోయి, కమ్మీ ముట్టుకుని, ఎనక్కి తిరుక్కుంటా. మాబున్ని నన్ను చూసి తల ఊపుతాది. ఆరు చుట్లు మిగిలిండాయి. మిగలనీ. స్వామికి కోపం వస్తే నా మీద రానీ. చెట్లలో చప్పుడు ఇంగా ఇనిపిస్తాది. ఆయప్ప ఇంగా ఆ చుట్టులోనే ఉండాడు.

చదివేవాళ్ళకు ఒక్క మాట చెప్తా. నడిచేటప్పుడు రొమ్ము పట్టినా, దవడ లాగినా, చెమట పట్టినా ఉన్న తావులోనే కూర్చోండి, మనిషిని కేకేయండి. ఇల్లు ఎంత దగ్గరున్నా, మొక్కు ఎంత పెద్దదైనా నడిచి పూర్తి చేయొద్దు.

చాలు రేణుకా. ఇప్పుడు పై నుంచి చదివి ఇనిపీ. నిదానంగా చదువు. మామ "ఈ పొద్దు వద్దులే మే" అనే మాట ఉండాది గదా, దాని కాడ ఆపు పాపా. ఆమీట నా మాట రోంతసేపు చదవద్దు.