ఆఖరి విస్తళ్ల కట్ట

వేలూరు నుంచి గుడియాత్తం వెళ్లే బస్సులో పక్కవాళ్లకు ప్లాస్టిక్ మానమని చెప్పడం నాకు అలవాటు. ఒకసారి పళ్ళికొండలో ఆకు విస్తళ్ల కట్టతో ఎక్కిన పెద్దావిడ నా పక్కన కూర్చుని, అంతా విని నవ్వింది.

"బాగా చెప్తావు నాయనా. ఇప్పుడు కల్యాణాల్లో అన్నీ ప్లాస్టిక్ పూత తట్టలే. నేను కుట్టినవి ఎవురూ కొనరు. మీ ఇంటి పెండ్లికి ఏమి ఏసినారు?"

మేమూ ఆ ప్లేట్లే వేశాం. "ఆకులేనమ్మా" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. "నీ మాదిరి నలుగురుంటే ఈ పని విడిచేదాన్నా? రేపట్నించి ఆ తట్టల కంపెనీకే పనికి పోతా ఉండా" అంటూ ఆఖరి కట్టను నా ఒళ్లో పెట్టింది. డబ్బివ్వబోతే తీసుకోలేదు.

నలభై ఏళ్లుగా రోజూ డైరీ రాస్తున్నాను. ఆ రోజు మాత్రం బస్సు ఎక్కిన వేళ, దిగిన వేళ రాసి మూసేశాను.