సాబ్ లీవు

మా ఆయన సుబేదార్ మేజర్‌గా రిటైరయ్యాడు. ఆఫీసర్లకు కింద, జవాన్లందరికీ పైన ఉండే పెద్ద మనిషి. కల్నల్ కూడా ఆయన్ని 'సాబ్' అనే పిలిచేవాడట. జవాను ఇంట్లో చావైనా, పురుడైనా, ఆలుమగల కొట్లాటైనా ముందు సాబ్ చెవిన పడాలి. ఎవరి తల్లికి షుగరో, ఎవరి బిడ్డకు ఫిట్సో అన్నీ ఆయనకు నోటికి వచ్చు. నా బాగోగులు మాత్రం ఫోన్లో రెండు ముక్కలు.

లీవులు అందరికీ పంచాకే తనది, అదీ ఆయన పద్ధతి. నాకు గర్భసంచి తీసెయ్యాలని డాక్టరమ్మ చెప్పినప్పుడు మాత్రం ముందే లీవు రాయించుకున్నాడు. టికెట్ కూడా తీశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి ఇంట్లో ఆయన కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఫోనొచ్చింది. ఒక జవాను భార్యకు పురుడు కష్టమైందట, వానికీ ఈయనకూ కలిపి ఒక్కరికే లీవు ఇస్తామన్నారట.

"నా లీవు వానికిచ్చిన. నీకేంది, నువ్వు ధైర్యంగల్లదానివి," అన్నాడు.

ఎల్బీ నగర్ దవాఖానలో భర్త సంతకం పెట్టాల్సిన చోట మా ఇంటి ఓనరమ్మ పెట్టింది. బెజవాడ వైపు మనిషి. మొగుడు రాలేదా అని నర్సు అడిగితే, ఆయన దేశానికి కాపలా కాస్తున్నారమ్మా అని గొప్పగా చెప్పింది. నాకు ఒళ్లు మండింది. దేశం కోసమైతే ఓర్చుకునేదాన్ని. ఆయన కాపలా కాసింది తన మంచి పేరుకు.

మొన్న ఆదివారం ఆ జవాను తన భార్యను తీసుకుని అల్మాస్‌గూడలోని మా ఇంటికి వచ్చాడు. శ్రీకాకుళం వాళ్లు, ఈమధ్యే చంపాపేట్‌లో దిగారు. ఇద్దరూ ఆయన కాళ్లకు దండం పెట్టారు. ఇక చూడాలి ఆయన ముఖం! పురుట్లో ఆ అమ్మాయికి రక్తం ఎంత పోయిందో, పాప ఎంత బరువు పుట్టిందో ఆ అమ్మాయికే అప్పజెబుతున్నాడు మా ఆయన. పైగా, అట్లాంటి సమయంలో మొగుడు పక్కన ఉండాలని నీతులొకటి. నేను టీ కప్పులు పట్టుకుని నిలబడి వింటున్నాను.

ఆ అమ్మాయి నా వైపు తిరిగి, అప్పుడు సాబ్ రాకపోతే మీకేమీ ఇబ్బంది కాలేదు కదమ్మా అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి. ఆ రోజు నాకూ ఆపరేషనే అని చెప్పేశాను.

జవాను తాగుతున్న టీ పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. తెలిస్తే ఆ లీవు ముట్టుకునేవాణ్ణి కాదన్నాడు. నేను మా ఆయన్నే చూస్తున్నాను. అవును, ఆ రోజు నిన్ను ఒంటరిగా వదిలేశానని ఒక్క మాట అంటే చాలు, నా కడుపుమంట అక్కడితో చల్లారిపోయేది.

ఆయన నవ్వుతూ వాణ్ణి కూర్చోమన్నాడు.

"గదేం పెద్దది కాదులే. అపెండిక్స్ ఆపరేషన్."

"గర్భసంచి తీసేసిండ్రు," అన్నాను ఆ అమ్మాయితో. "మీ సాబ్‌కు అందరి రోగాలు యాదికుంటయి బిడ్డా, నాదొక్కటే యాదికుండదు."