గౌనుకో ప్రార్థన

మా అత్తయ్య ఊళ్ళో ఆసుపత్రికి గౌన్లు కుట్టి ఇస్తుంది. ఆపరేషన్‌కి ముందు రోగులకు తొడిగే, వెనక నాడాలతో ముడి వేసే ఆకుపచ్చ గౌన్లు. నాడా ఊడితే మనిషి పరువు పోతుందని, దాని మొదట్లో అడ్డంగా ఇంకో కుట్టు వేస్తుంది. అది వేస్తూ, "ప్రభువా, ఇది తొడుక్కునే బిడ్డకు తోడుండు" అంటుంది.

"గౌనుకో ప్రార్థన అయితే పని తెమిలినట్టే" అని నేను విసుక్కునేదాన్ని.

"కుట్టేది చేతులు కదమ్మాయ్, నోరు ఖాళీయేగా" అనేది.

మొన్న అదే ఆసుపత్రిలో ఆపరేషన్ ఆవిడకే వచ్చి పడింది. పదిమందికి ధైర్యం చెప్పే మనిషికి ఆరోజు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ప్రార్థన చేసుకోమన్నాను, నాకు తోచింది అదొక్కటే.

"రావట్లేదమ్మాయ్. ప్రభువా అంటున్నాను, ఆపైన ఒక్క మాటా దొరకట్లేదు" అంది.

నర్సు గౌను తొడిగి, నాడాలు ముడి వెయ్యమని నాకు చెప్పి వెళ్ళింది. నేను వంగేలోపే అత్తయ్య చెయ్యి వెనక్కి పెట్టి నాడా తడుముకుంది. వేలికి అడ్డకుట్టు తగిలింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఇది నేను కుట్టిందే" అంది మెల్లగా. "దీన్ని తొడుక్కునే బిడ్డ కోసం అప్పుడే అడిగేశాను. ఇక ముడి వెయ్యి."