అనుభవం: ముగ్గురు తమ్ముళ్లు

ఆ రోజుల్లో మా ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉద్యోగమంటే రైల్వేదే. తక్కినవన్నీ ‘పన్లు’. కార్ఖానా సైరన్‌కి లేచి, సైరన్‌కి తిని, సైరన్‌కి గడియారం సరిచేసుకునే మనుషులం కాబట్టి, ఆ కూత వినపడనంత దూరంలో కూడా జీతాలిచ్చే చోట్లు ఉంటాయని మాకు తట్టేది కాదు. (మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది ఆ కూత కోసమే. మా నాన్న దాని కిందే ఫిట్టరు.) అలాంటి కాలంలో, అరవైల చివర, పదిహేడేళ్ల నేను రైల్వేది కాని ఒక పనికి బయోడేటా రాసుకున్నాను. రాసుకున్నాను అనడం అలవాటు కొద్దీ అంటున్న మాట. రాసింది నేను కాదు.

సంగతేమిటంటే, మలంచా రోడ్డులో ఒక బెంగాలీ ఆవిడ తన ఇంటి ముందుగదుల్లో చిన్నపిల్లల బడి తెరిచింది. అందరూ ఆవిడని పెద్ద దీదీ అనేవారు. తెలుగు పిల్లలు ఎక్కువగా చేరారట. వాళ్లు ఏడ్చినప్పుడు ఎందుకేడుస్తున్నారో తెలిసే దారి లేక, తెలుగు వచ్చిన ఆడపిల్ల ఒకరు కావాలని కబురు పెట్టింది. వయసు, చదువు, అనుభవం రాసి తెమ్మంది. నాకు వయసు ఉంది. హయ్యర్ సెకండరీ గట్టెక్కిన చదువు ఉంది. మూడోది లేదు. ఇంట్లో చూస్తే, సెలవులయ్యేలోగా ఏదో ఒకటి కుదరకపోతే నన్ను ఇచ్ఛాపురంలో పెద్దత్త దగ్గరికి కుట్టుపని నేర్చుకోవడానికి పంపాలని అమ్మ తేల్చేసింది. కుదిరితే మాత్రం ఇక్కడే ఉండి సాయంత్రం కాలేజీలో చేరొచ్చని నాన్న ఒప్పుకున్నాడు. పెద్దత్త మంచి మనిషే. కాకపోతే ఆవిడ ఇంట్లో నవ్వితే కారణం చెప్పాలి.

అందుకని దరఖాస్తుల బాబాయి దగ్గరికి వెళ్లాను. ఆయన మాకు చుట్టం కాదు, స్టోర్స్ ఆఫీసులో గుమస్తా. మా లైనులో ఎవరికి సెలవు కావాలన్నా, ఎవరి కప్పు కారినా, ఇంగ్లీషులో అర్జీ ఆయన చేతిమీదుగానే వెళ్లేది. (కప్పులు కారుతూనే ఉండేవి. అర్జీలు మాత్రం బాగుండేవి.) ఆయన కళ్లజోడు తుడుచుకుని, కాగితం మీద గీతలు గీసి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టాడు.

“ఏటమ్మా, ఇన్నాళ్లూ ఏటి సేసినావు?”

“ఏటీ సెయ్యనేదు బాబాయ్. తమ్ముళ్లని సూసుకున్నాను.”

“మరదే కదా. ఖాళీ వొగ్గీకూడదు. ఖాళీ సూస్తే ఆఫీసరుకి అనుమానం వస్తాది.”

ఇక ఆయన ఏ గడినీ వదల్లేదు. అనుభవం అన్నచోట, ముగ్గురు మగపిల్లలను ఇంటా బయటా పర్యవేక్షించినట్టు రాశాడు. మునుపటి జీతం అన్నచోట భోజనం, వసతి అన్నాడు. ఆ కొలువు మానడానికి కారణం దగ్గర కాసేపు కలం కొరికి, ‘పిల్లలు పెద్దవారైరి’ అని రాశాడు. తెలుగు సంఘం వాళ్ల నాటకంలో ఒకసారి తెర వెనక నిలబడి మాటలు అందించాను. హీరో అన్నీ మరిచిపోవడం వల్ల ఆ సాయంత్రం నా గొంతే ఊరందరికీ వినపడింది. దాన్ని ‘బహిరంగ ప్రసంగాలలో అనుభవం’ కింద చేర్చాడు. వివాహం అన్న గడిలో ‘పరిశీలనలో ఉన్నది’ అని ఆయన రాసింది నేను ఇంటికి వెళ్లాక గాని చూడలేదు. అప్పటికి ఆయన ఆఫీసులో టైపు కూడా అయిపోయింది. ఇంగ్లీషులో, నున్నటి కాగితం మీద చదువుకుంటుంటే ఎవరో గొప్పావిడ గురించి చదువుతున్నట్టే ఉంది. ఆవిడంటే నాకు కొంచెం భయం కూడా వేసింది.

అమ్మ చీర కట్టుకుని, ఆ కాగితం పట్టుకుని మలంచా వెళ్లాను. పెద్ద దీదీ బక్కపలచటి మనిషి. నవ్వే అలవాటు ఉన్నట్టు లేదు. కాగితం మొదటినుంచి చివరిదాకా చదివి, మళ్లీ మొదటికి వచ్చింది. ఇంతమంది పిల్లల్ని నడిపిన దానివి కదా, నీ దగ్గర పెరిగిన వాళ్లలో ఒకణ్ణి రేపు తీసుకురా, చూస్తాను అంది బెంగాలీలో. ఎగతాళి చేస్తోందో నిజంగానే అంటోందో ఆ మొహం చూసి పోల్చుకోలేకపోయాను. తల ఊపి వచ్చేశాను.

ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరిని పంపాలన్నదాని మీద పెద్ద చర్చ. పెద్దవాడి మోకాళ్లకి కట్టు, మొహానికి గీతలు. వాణ్ణి చూస్తే నా పర్యవేక్షణ మీద ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది. నడిపివాడు పక్క లైనులో జామకాయల కేసులో అప్పటికే పేరు పడ్డవాడు. మిగిలింది చిన్నవాడు. వాడికి ఆరేళ్లు. చూడ్డానికి దేవుడి పటంలో పిల్లాడిలా ఉంటాడు గాని, నోట్లో మాట ఆగదు. బాబాయి వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ‘మా అక్క చాలా మంచి టీచరు’ అన్న ఇంగ్లీషు ముక్క చిలక్కి నేర్పినట్టు నేర్పాడు. నిద్రపోయేముందు వాడు తప్పులేకుండా అప్పజెప్పాడు.

మర్నాడు వాడికి తలకి నూనె రాసి, ఇస్త్రీ నిక్కరు వేసి తీసుకెళ్లాం. బాబాయి కూడా వచ్చాడు గాని, లోపలికి రాకుండా కిటికీ పక్కన నిలబడ్డాడు. పెద్ద దీదీ వాణ్ణి ముందుకి పిలిచి, మీ అక్క నిన్నెలా చూస్తుందని అడిగింది. నేను తెలుగులో చెప్పాను. కిటికీ అవతల బాబాయి దగ్గాడు. మావాడు దగ్గు వినపడ్డవైపు చూసి, నేలవైపు చూసి, నేర్చుకున్నదంతా అక్కడే దింపేసి, ఇంట్లో నన్ను పిలిచే ‘అప్ప’ పిలుపుతోనే తనకు తెలిసింది చెప్పాడు.

“అప్ప కొట్టదు. అమ్మకి సెప్పీస్తానంటాది. కానీ సెప్పదు.”

పెద్ద దీదీ నావైపు తిరిగి, ఏమంటున్నాడని అడిగింది. అంతదాకా నా జీవితంలో నేను బెంగాలీ మాట్లాడింది చేపల బజారులోనే. చేపలు కొనడానికి సరిపోయే బెంగాలీ అది, అబద్ధం ఆడడానికి చాలదు. వాడు మంచి మాటే అన్నాడు, నేను క్రమశిక్షణ నేర్పుతానన్నాడు అని అల్లాలని మనసులో ఉంది. క్రమశిక్షణకి బెంగాలీలో ఏమంటారో తెలియలేదు. చేసేది లేక ఉన్నదున్నట్టు చెప్పేశాను. కిటికీ అవతల దగ్గు ఆగిపోయింది. ఇచ్ఛాపురం పాసింజరు నా కళ్లముందు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి నిలబడింది.

ఆవిడ కుర్చీ మావాడివైపు జరుపుకుంది. ఎందుకు చెప్పదు, అని అడగమంది. అడిగాను.

“సెప్తే అప్పకీ పడతాయి. సూసుకోనేదని.”

అదీ ఉన్నదున్నట్టే బెంగాలీలో చెప్పాను. విన్నాక పెద్ద దీదీ కళ్లజోడు తీసి, చీర చెంగుతో మొహం ఒత్తుకుంది. నవ్వుతోందని తెలియడానికి నాకు కొంచెంసేపు పట్టింది. ఆ బడిలో పిల్లలు తనతో ఏదీ చెప్పడం లేదని, కొడతానని కాబోలు దాక్కుంటున్నారని, అలాంటి వాళ్ల దగ్గర కూర్చునే మనిషి తనకి కావాలని అంది. తర్వాత నున్నటి కాగితం నాకు తిరిగి ఇచ్చేసి, దీనితో నాకు పనిలేదు, సోమవారం నుంచి రా అంది.

బయటికి వచ్చాక బాబాయి మొహం వెలిగిపోయింది. ఖాళీలు వదలకుండా రాయడం వల్లే ఇదంతా జరిగిందని ఆయన మా లైనంతా చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయన దగ్గరికి బయోడేటాలకి వచ్చేవాళ్లు కూడా పెరిగారు.

బడిలో చేరాక నేనేం గొప్పగా పాఠాలు చెప్పలేదు. మొదటి వారం పిల్లల కంటే నేనే ఎక్కువసార్లు గంటవైపు చూసి ఉంటాను. కాని ఆ బడి, సాయంత్రం కాలేజీ, ఆ తర్వాత వేరే బడులు, అలా చాలా ఏళ్లు గడిచిపోయాయి. ఏ గడిలో ఏం రాయాలో ఎవరినీ అడగక్కర్లేని స్థితికి వచ్చాను. ఇప్పుడు నా వివరాలన్నీ నిజాలే, ముద్రలు పడ్డవే. చదివినవాళ్లెవరూ చెంగుతో మొహం ఒత్తుకోలేదు.

అప్పుడప్పుడు, పని కుదిరి ఇంటికి తిరిగొచ్చిన ఆ మధ్యాహ్నం గుర్తొస్తుంది. అమ్మ చీర కుచ్చిళ్లు చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో తమ్ముడి చెమట చెయ్యి పట్టుకుని, బాబాయిని వెనక వదిలేసి, ఎదురొచ్చే రిక్షాలకి దారి కూడా ఇవ్వకుండా మలంచా రోడ్డు నడిమధ్య నడుస్తున్న ఒక పిల్ల. ఇంక తనకి తెలియనిది ఏమీ లేదన్నట్టుంది ఆ నడక. ఆపి ఒక మాట చెబుదామా అనిపిస్తుంది. సరే, ఇంటిదాకా అలాగే నడవనీ అనుకుని ఊరుకుంటాను.